ఊడ్చే ముందు తడపండి

ఎలుకల ద్వారా మనుషులకు సోకే వైరస్‌ల గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సందేహం నాలుగైదు ఉత్తరాల్లో ఉన్నచోట వాటిని ఒక్కటిగా కలిపాం.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు డెన్వర్‌లో ఉంటారు. వేసవిలో పిల్లల్ని తీసుకుని కొండల్లో ఒక చెక్క క్యాబిన్‌లో నాలుగు రోజులు ఉండి వస్తారట. 2025లో న్యూ మెక్సికోలో నటుడు జీన్ హాక్‌మన్ భార్య ఎలుకల వైరస్‌తో చనిపోయారని పేపర్లో చదివిన దగ్గర్నుంచి నాకు గుబులుగా ఉంది. వెళ్ళొద్దని చెప్పమంటారా?
— ఒక నానమ్మ, తెనాలి

జవాబు: వెళ్ళనివ్వండమ్మా. క్యాబిన్ తలుపు తీశాక మొదటి అరగంట ఏం చేయాలో మాత్రం వాళ్ళకు చెప్పండి.

హాక్‌మన్ భార్య బెట్సీ అరకావా గారిని బలిగొన్నది హంటావైరస్ జబ్బు. ఆమె ఇంటి ఆవరణలోని షెడ్లలో ఎలుకల గూళ్ళు కనిపించాయని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. పడమటి అమెరికాలో ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యే వైరస్ పేరు సిన్ నోంబ్రే. స్పానిష్‌లో దాని అర్థం ‘పేరు లేనిది’. 1993లో న్యూ మెక్సికో, ఆరిజోనా, కొలరాడో, యూటా నాలుగూ కలిసే ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళు ఉన్నట్టుండి ఊపిరాడక చనిపోతుంటే దీన్ని కనుక్కున్నారు. అంతకు ముందు వానలూ మంచూ బాగా పడి, పిన్యోన్ చెట్ల గింజలు విరగకాశాయి. తిండి దొరికేసరికి డీర్ మౌస్ అనే అడవి చిట్టెలుకలు విపరీతంగా పెరిగాయి. తమ చోటు పేరు జబ్బుకు పెట్టొద్దని స్థానికులు అభ్యంతరం చెప్పడంతో చివరికి ‘పేరు లేనిది’ అన్నదే పేరుగా నిలిచింది.

డీర్ మౌస్‌ని గుర్తుపట్టడం తేలికే. వీపు గోధుమ రంగు, పొట్టా పాదాలూ తెలుపు, కళ్ళు పెద్దవి. తోక కూడా పైన ముదురుగా, కింద తెల్లగా రెండు రంగుల్లో ఉంటుంది. ఊళ్ళోని ఇళ్ళలో తిరిగే బూడిదరంగు చిట్టెలుక వేరు. డీర్ మౌస్‌కి వైరస్ వల్ల ఏ జబ్బూ రాదు. దాని మూత్రంలో, పెంటికల్లో, ఉమ్మిలో వైరస్ బయటికి వస్తూ ఉంటుంది. అవి ఎండిపోయాక మనం చీపురు పట్టుకుని బరబరా ఊడిస్తే ఆ దుమ్ము గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ జబ్బు చాలావరకు సోకేది ఇలాగే. ఎలుక కరిస్తే సోకడం అరుదు.

1993 నుంచి 2022 చివరి దాకా అమెరికా మొత్తంలో నమోదైన కేసులు 864. అంత పెద్ద దేశానికి ఇది చాలా తక్కువ. కానీ ఊపిరితిత్తులకు పాకినవాళ్ళలో నూటికి 38 మంది దాకా చనిపోతారు, అందుకే ఇంత జాగ్రత్త చెబుతున్నాం. 2012 వేసవిలో యోసెమిటీ పార్కుకు వెళ్ళిన పదిమందికి ఇది సోకింది, ముగ్గురు చనిపోయారు. ఆ పదిమందిలో తొమ్మండుగురు కర్రీ విలేజ్ అనే చోట ఒకే రకం గుడారాల్లో బస చేశారు. చలి ఆపడానికి వాటికి రెండు పొరల గోడలు కట్టి మధ్యలో మెత్తటి పదార్థం నింపారు. ఆ సందే ఎలుకలకు గూడైంది. బయటికి చూస్తే గుడారాలు శుభ్రంగానే ఉన్నాయి.

మీ అబ్బాయికి చెప్పాల్సింది ఇదీ. క్యాబిన్‌కి చేరగానే పిల్లల్ని కారులోనే ఉంచి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, తామూ బయటికి వచ్చి 30 నిమిషాలు ఆగాలి. తర్వాత టార్చి పట్టుకుని మంచాల కింద, పరుపు మడతల్లో, సింకు కింది అలమారలో, పొయ్యి వెనక చూడాలి. ఒకటో రెండో పాత పెంటికలు కనిపిస్తే కింద రెండో జవాబులో చెప్పిన పద్ధతిలో తుడిచేయొచ్చు. గూడు కనిపించినా, పరుపులో పెంటికలున్నా ఆ రాత్రి అక్కడ పడుకోకూడదు. యజమానికి ఫోన్ చేసి వేరే గది అడగాలి. అద్దె పోతుందని మొహమాటపడొద్దు. తిండి సామాన్లు గట్టి మూత డబ్బాల్లో పెట్టుకోవాలి. రాత్రి నేలమీద పక్కలు వేసుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. వైరస్ సోకాక జబ్బు బయటపడటానికి ఒక వారం నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే క్యాబిన్‌లో దుమ్ము పీల్చిన మనిషికి తెనాలి వచ్చి మీ చేతి వంట తింటున్నప్పుడు జ్వరం రావచ్చు. మొదట జ్వరం, తొడలూ నడుమూ వీపూ విపరీతంగా లాగడం, వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. జలుబు, గొంతునొప్పి సాధారణంగా ఉండవు. నాలుగు నుంచి పది రోజులు గడిచాక దగ్గు, ఆయాసం మొదలవుతాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి, రక్తం చిక్కబడినట్టు కనిపిస్తుంది. మన దగ్గర ఏ డాక్టరైనా ముందు డెంగీ అనే అనుకుంటారు, అలా అనుకోవడం సహజం కూడా. చిక్కు ఎక్కడంటే, డెంగీ అనుకుని సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే హంటావైరస్ రోగి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఇంకా పెరుగుతుంది. అందుకని ‘ఫలానా తేదీన కొలరాడోలో క్యాబిన్‌లో ఉన్నాం, ఎలుక పెంటికలు చూశాం’ అన్న మాట డాక్టరు అడగకపోయినా చెప్పాలి. దీనికి వైరస్‌ని చంపే మందు లేదు. ఆయాసం ముదరకముందే ఐసీయూ ఉన్న ఆసుపత్రికి చేరినవాళ్ళకి బతికే అవకాశం బాగా పెరుగుతుంది.

ప్రశ్న: ఊళ్ళో మా తాతల నాటి పెంకుటిల్లు ఎనిమిది నెలలుగా తాళం వేసి ఉంది. సంక్రాంతికి అందరం వెళ్తున్నాం. అటక మీద పాత గోనెసంచులు, గాదె చుట్టూ ఎలుక పెంటికలు గుట్టలుగా ఉన్నాయని పక్కింటి బాబాయి ఫోన్లో చెప్పారు. బూజుకర్ర, చీపురు పట్టుకుని దిగిపోవడమేనా, ఇంకేమైనా జాగ్రత్త ఉందా?
— పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: దిగిపోకండి. భోగికి ఒక వారం పది రోజుల ముందే ఇద్దరు మనుషులు వెళ్ళేలా చూసుకోండి. పని వరుస తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. ముందు ఎలుకలు వచ్చే దారులు మూయాలి, తర్వాత లోపలున్నవాటిని పట్టాలి, ఆ తర్వాతే శుభ్రం చేయాలి. చాలామంది మొదట కడిగేస్తారు. ఎలుకలు లోపలే ఉంటాయి కాబట్టి తెల్లారేసరికి అటక మళ్ళీ మామూలే.

చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. పెన్సిల్ దూరే కన్నంలో అది దూరిపోతుంది. పెద్ద ఎలుకకు 12 మిల్లీమీటర్లు కావాలి. గుడ్డపేలికలు, థర్మోకోల్, ఫోమ్ పెట్టి మూస్తే రెండు రోజుల్లో కొరికి పారేస్తాయి. గిన్నెలు తోమే స్టీలు పీచుని కన్నంలో గట్టిగా కూరి, పైన సిమెంటు పూయండి. పెంకుటిల్లు కాబట్టి గోడకీ చూరుకీ మధ్య ఉండే సందు చూడండి. అక్కడ 6 మిల్లీమీటర్ల కంతలున్న ఇనుప జాలీ కొట్టించాలి. తలుపు కింద సందుకి రేకు పట్టీ వేయించండి.

పట్టడానికి స్ప్రింగు బోను మేలు. పల్లీ ముద్దో, కాల్చిన ఎండుచేప ముక్కో, కొబ్బరి ముక్కో పెట్టి, బోను గోడకు అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకు ఆనేలా ఉంచండి. ఎలుక గోడవారనే నడుస్తుంది, గది మధ్యలో పెట్టిన బోను దండగ. జిగురు అట్టలు వాడొద్దు. అంటుకున్న ఎలుక గంటల తరబడి ప్రాణంతో కొట్టుకుంటూ భయంతో అక్కడే మూత్రం పోస్తుంది. మనం తప్పించుకోవాలనుకునేది ఆ మూత్రాన్నే. వరసగా ఒక వారం ఏ బోనులోనూ ఏమీ పడకపోతే లోపల ఎలుకలు లేవని అనుకోవచ్చు.

ఇక శుభ్రం చేసే రోజు. కరెంటు మెయిన్ ఆపేయండి. తలుపులు, కిటికీలు తెరిచి 30 నిమిషాలు బయట ఉండండి. ఈలోగా వరండాలో బ్లీచింగ్ నీళ్ళు కలుపుకోండి. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. పది లీటర్ల నీళ్ళకి 160 గ్రాములు త్రాసులో తూచి తీసుకోండి. ముందు కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, మిగతా నీళ్ళు పోసి, తెల్ల మడ్డి అడుగున పేరుకున్నాక పైనున్న తేటని మాత్రమే వేరే ప్లాస్టిక్ బకెట్‌లోకి వంచుకోండి. మడ్డితో సహా పోస్తే స్ప్రేయర్ మూతి మూసుకుపోతుంది. ద్రవరూపంలో దొరికే 5 శాతం సోడియం హైపోక్లోరైట్ అయితే ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు. ఎలా చేసినా మిగిలిన నీళ్ళు మర్నాటికి దాచొద్దు, బలం పోతుంది. ఏడాది కింద విప్పిన బ్లీచింగ్ పొట్లం కూడా అంతే, ఘాటు వాసన లేకపోతే అది సున్నంతో సమానం. బాత్‌రూమ్ యాసిడ్‌ని దీంట్లో పొరపాటున కూడా కలపకండి. వచ్చే క్లోరిన్ గ్యాసు మూసిన గదిలో మనిషిని పడగొడుతుంది.

చేతులకు మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లవుజులు, కాళ్ళకు బూట్లు, కళ్ళకు అద్దాలు వేసుకోండి. ముక్కుకి ఎన్‌95 మాస్కు, ముక్కు దగ్గర తీగ నొక్కి, చెంపల పక్క గాలి పోకుండా పెట్టుకోవాలి. తువ్వాలు చుట్టుకోవడం, ఆసుపత్రి నీలిరంగు మాస్కు ఇక్కడ పనికిరావు. పక్కనించి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. గడ్డం ఉన్నవాళ్ళకి ఎన్‌95 కూడా సరిగా అతకదు, ఈ పని గడ్డం లేనివాళ్ళకు అప్పగించండి.

స్ప్రేయర్ అంటే మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్. మూతిని సన్నటి తుంపర పడేలా తిప్పి, చేయి చాపినంత దూరం నుంచి, తుంపర పైనుంచి వానలా రాలేలా కొట్టండి. దగ్గరి నుంచి పిచికారీలా గట్టిగా కొడితే ఆ తాకిడికే పెంటికల పొడి లేస్తుంది, అప్పుడు చీపురుతో ఊడ్చినట్టే అవుతుంది. పెంటికలు, గూళ్ళు, మూత్రపు మరకలు నీళ్ళు కారేదాకా తడవాలి. ఐదు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత పాత వార్తాపత్రికలతోనో గుడ్డలతోనో ఎత్తి ప్లాస్టిక్ సంచిలో వేసి ముడివేసి, దాన్ని ఇంకో సంచిలో వేసి మళ్ళీ ముడివేయండి. చచ్చిన ఎలుకను కూడా ఇలాగే తడిపి, ఎత్తి, రెండు సంచుల్లో కట్టి, రెండు మూడు అడుగుల లోతు గొయ్యిలో పాతిపెట్టండి. తోకపట్టి విసిరేయడం వద్దు. అటక మీద గోనెసంచులు అక్కడే దులపకుండా, మడతలు విప్పకుండా పైన తడిపి, మెల్లగా కిందికి దించి పారేయడమే మంచిది. వాటి ఖరీదు ఈ శ్రమకు తగదు.

తడపడానికి వీల్లేనివి ఉంటాయి. తాతగారి పుస్తకాలు, దస్తావేజులు, పటాలు అలాంటివే. వాటిని ఆరుబయట ఎండలో గాలి తగిలేలా పరిచి, కొన్ని గంటల తర్వాత గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి తడిగుడ్డతో అట్టలు తుడవండి. హంటావైరస్ గది వేడిలో రెండు మూడు రోజులకు మించి బతకడం కష్టం, ఎండలో ఇంకా తొందరగా చస్తుంది. ఎనిమిది నెలలు మూసిన ఇల్లు అన్నంత మాత్రాన భయం లేదు. నిన్న రాత్రి కూడా ఎలుక తిరిగిందా అన్నదే ముఖ్యం. కొత్త పెంటిక నల్లగా, మెరుస్తూ, పుల్లతో నొక్కితే మెత్తగా ఉంటుంది. పాతది బూడిదరంగులో పొడిపొడిగా రాలుతుంది. నలిపి చూడాలనిపిస్తే పుల్లతోనే.

బట్టలు, దుప్పట్లు దులపకుండా వేడినీళ్ళ సబ్బులో నానబెట్టండి. గాదె గోడలు, నేల అదే బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి పూర్తిగా ఆరాకే ధాన్యం పోయండి. చివర్లో గ్లవుజులు చేతికుండగానే సబ్బుతో కడిగి, తర్వాత తీసి, మళ్ళీ చేతులు కడుక్కోవాలి. వాక్యూమ్ క్లీనర్ తెస్తామని రాసిన మరో పాఠకుడికి కూడా ఇక్కడే చెబుతున్నాం. అది సన్నటి దుమ్ముని వెనకనుంచి గది నిండా ఊదుతుంది. వద్దు.

ప్రశ్న: ఈ హంటావైరస్‌లన్నీ పరదేశాల గొడవ కదా. మన పందికొక్కులకీ చుంచులకీ ఉన్నాయా?
— ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: హంటావైరస్ జాతిలో మొట్టమొదట దొరికింది మన పొరుగునే. 1964లో వేలూరులోని తొట్టపాళయంలో పట్టిన ఒక చుంచు నుంచి ఒక వైరస్‌ని వేరుచేశారు. రాత్రిళ్ళు గోడవారన కీచుమంటూ పరిగెత్తే, పొడుగు మూతి, ముక్కుపుటాలదిరే కంపు ఉన్న ఆ జంతువు అసలు ఎలుకే కాదు, పురుగుల్ని తినే వేరే జాతి. అప్పట్లో ఆ వైరస్ ఏ జాతిదో తెలియలేదు. 1976లో కొరియా శాస్త్రవేత్త హో వాంగ్ లీ హంటాన్ నది ప్రాంతపు పొలం ఎలుకల్లో వైరస్ కనుక్కున్నారు. 1950ల మొదట్లో కొరియా యుద్ధంలో సుమారు మూడు వేలమంది ఐక్యరాజ్య సమితి సైనికులను రక్తస్రావంతో, మూత్రపిండాల వైఫల్యంతో మంచాన పడేసిన జ్వరానికి కారణం అదేనని తేలింది. తొట్టపాళయం వైరస్ దాని బంధువేనని ఆ తర్వాత బయటపడింది. అది మనుషులకు జబ్బు తెస్తుందనడానికి రుజువు లేదు.

తమిళనాడులో గిడ్డంగి కూలీలు, ఎలుకలు పట్టే ఇరుల తెగవారు వంటివారి రక్తం పరీక్షించినప్పుడు కొందరిలో హంటావైరస్ ప్రతిరక్షకాలు కనిపించాయి. అంటే ఏదో ఒక హంటావైరస్ వాళ్ళ ఒంట్లోకి ఎప్పుడో వచ్చి వెళ్ళింది. ఓడరేవుల్లో, మురుగుకాలువల్లో తిరిగే గోధుమరంగు పెద్ద ఎలుక మోసే సోల్ వైరస్ ప్రపంచమంతా వ్యాపించింది. అది మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది కానీ నూటికి ఒకరిని మించి చంపదు. మన దగ్గర జ్వరంతోపాటు మూత్రం తగ్గి, డెంగీ, లెప్టో (ఎలుక జ్వరం) పరీక్షల్లో ఏమీ తేలని రోగికి హంటా పరీక్ష చేయించడం అరుదు. అందుకే మన జిల్లాల్లో ‘లేదు’ అనడం కంటే ‘వెతకలేదు’ అనడమే నిజాయితీ అని మా అభిప్రాయం.

పందికొక్కు గురించి ఒక చిన్న ముచ్చట. ఇంగ్లీషువాళ్ళ ‘బాండికూట్’, శాస్త్రవేత్తల ‘బాండికోటా’ రెండూ మన ‘పందికొక్కు’ మాట నుంచే పుట్టాయి.

కర్ణాటక మలెనాడులో ఉన్న క్యాసనూర్ అడవి జ్వరం సంగతి వేరు. 1957లో శివమొగ్గ జిల్లాలో బయటపడిన ఆ వైరస్ అడవి ఎలుకల్లో, చుంచుల్లో, పిడుదుల్లో నిలిచి ఉంటుంది. కోతుల్నీ మనుషుల్నీ కుట్టేది పిడుదు. అటువైపు అడవుల్లో నడకకు వెళ్ళేవాళ్ళు ఎలుకల కంటే పిడుదుల్ని చూసుకోవాలి.

ప్రశ్న: కోతల ముందు మా పొలంలో ఎలుకలు పట్టడానికి మనుషుల్ని పెడతాం. బొరియలు తవ్వి, పొగ పెట్టి, ఎలుకల్ని చేత్తోనే పడతారు. బొరియలో దొరికిన వడ్లు వాళ్ళే తీసుకెళ్తారు. వాళ్ళకేమైనా జబ్బులొస్తాయా? నేనేం చేయాలి?
— రైతు, భీమవరం దగ్గర

జవాబు: మీ కింద పనిచేసేవాళ్ళ గురించి అడిగినందుకు సంతోషం. ఆ పనిలో వైరస్ కంటే ముందు భయపడాల్సినవి రెండు బాక్టీరియా జబ్బులు. రెండింటికీ చవక మందులున్నాయి, ఆలస్యం చేస్తే రెండూ చంపుతాయి.

మొదటిది లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరం. ఎలుక మూత్రం కలిసిన బురదనీళ్ళలో ఉండే సూక్ష్మజీవి కాలి పగుళ్ళ గుండా, చేతి గీతల గుండా, కంటి గుండా లోపలికి పోతుంది. ఐదు నుంచి పద్నాలుగు రోజుల్లో జ్వరం, పిక్కలు ముట్టుకోనివ్వని నొప్పి, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తాయి. ముదిరితే కామెర్లు, మూత్రం బంద్. రెండోది స్క్రబ్ టైఫస్. ఎలుకల మీద, గట్ల గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టి వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుం పట్టీ కింద దాక్కుంటుంది కాబట్టి బట్టలు తీసి వెతికితే గానీ కనబడదు. రెండింటికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. స్క్రబ్ టైఫస్ అయితే మందు వేసిన 48 గంటల్లో జ్వరం దిగడమే ఒక గుర్తు. పొలం ఎలుకలు పట్టిన మనిషికి జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర మూడు రోజులు నొప్పుల సూదులతో గడపనివ్వకండి. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి ‘బొరియలు తవ్వాడు’ అని మీరే చెప్పండి.

మీరు ఇవ్వగలిగినవి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మందపాటి తోలు గ్లవుజుల జత, చేలో ఒక సబ్బు, ఒక బిందె మంచినీళ్ళు. గాయాలుంటే నీళ్ళు చొరని ప్లాస్టర్ వేసి దింపండి. వానాకాలం ముంపు చేలల్లో రోజుల తరబడి పనిచేసేవాళ్ళకి వారానికొకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ముందు జాగ్రత్తగా ఇవ్వడం ఉంది, కానీ అది డాక్టరు చెబితేనే. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. బొరియ వడ్లు ఎండబెట్టి, దంపి, బియ్యం బాగా కడిగి ఉడికిస్తే తినడంలో ఇబ్బంది లేదు. ఎలుక మాంసం కూడా వండాక ప్రమాదం కాదు, చర్మం ఒలిచేటప్పుడే ప్రమాదం. మందు పెట్టిన చేలో పట్టిన ఎలుకను, అక్కడి బొరియ వడ్లను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తిననివ్వకండి. ఎలుకల మందుగా పెట్టే జింక్ ఫాస్ఫైడ్‌కి విరుగుడు లేదు.

ప్రశ్న: రాత్రి నిద్రలో పాప కాలి వేలు ఎలుక కొరికింది. రేబిస్ ఇంజక్షన్ వేయించాలా?
— పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇంటి ఎలుక కాటుకి రేబిస్ టీకా సాధారణంగా అక్కర్లేదు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, టీటీ వేయించండి. ఎలుక పట్టపగలు తనంతట తానే మీదపడి కరిచినా, కరిచింది ఎలుకో ఇంకేదో తెలియకపోయినా డాక్టరే నిర్ణయించాలి. పుండు మానిపోయాక, మూడు నుంచి పది రోజుల్లో జ్వరం, కీళ్ళనొప్పులు, అరచేతుల్లో దద్దుర్లు వస్తే అది ఎలుక కాటు జ్వరం. పెన్సిలిన్‌తో తగ్గుతుంది.

కాటుకి కోపం వచ్చి ఎలుకల పేస్టు కొనకండి. బ్రెడ్డుకి పూసి మూలన పెట్టే ఆ పేస్టుల్లో కొన్నింటిలో పసుపు భాస్వరం ఉంటుంది. పిల్లలు వేలితో నాకినా కాలేయం పాడవుతుంది, విరుగుడు లేదు. పాకే పాప ఉన్న ఇంట్లో బోను తప్ప ఇంకేదీ వద్దు.

ప్రశ్న: నాకు మూడో నెల. బావగారి పిల్లలు హామ్‌స్టర్‌ని తెచ్చి మా గదిలోనే పెంచుతున్నారు. చెబితే బాధపడతారేమోనని ఊరుకున్నాను.
— పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చెప్పండి. చిట్టెలుకల్లో ఉండే ఎల్‌సీఎంవీ అనే వైరస్ వాటి దగ్గర పెరిగిన హామ్‌స్టర్‌కీ అంటుతుంది. మామూలు మనిషికి చాలావరకు కొద్ది రోజుల జ్వరంతో పోతుంది. గర్భిణికి సోకితే గర్భస్రావం కావచ్చు, లేదా బిడ్డ మెదడులో నీరు చేరి చూపు దెబ్బతినవచ్చు. అమెరికాలో 2005లో ఒక దాత నుంచి అవయవాలు తీసుకున్న నలుగురికి ఇది సోకి ముగ్గురు చనిపోయారు. ఆ దాత ఇంట్లో ఉన్న హామ్‌స్టర్‌లో అదే వైరస్ దొరికింది. ప్రసవం దాకా పంజరాన్ని వేరే ఇంటికి పంపడం ఉత్తమం. కుదరకపోతే మీరు పడుకోని గదిలో ఉంచి, పంజరం కడగడం మీరు మాత్రం చేయకండి. పిల్లలకి ‘పిన్ని కడుపులో పాపాయి కోసం’ అని చెప్తే మారాం చేయరు.

ప్రశ్న: మా వారు నైజీరియాలో ఫ్యాక్టరీలో పనిచేస్తారు. అక్కడ లస్సా జ్వరం అంటున్నారు. అదీ ఎలుకలదేనా?
— పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అవును. 1969లో నైజీరియాలోని లస్సా అనే ఊరి పేరుతో గుర్తించారు. మాస్టోమిస్ అనే ఎలుక ఇళ్ళలోకి వచ్చి ఆరబెట్టిన తిండి మీద మూత్రం పోస్తుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, ఎండు కాలంలో ఎక్కువ. సోకినవాళ్ళలో నూటికి 80 మందికి జ్వరం కూడా సరిగా తెలియదు. మిగతావాళ్ళకి ముఖం వాపు, రక్తస్రావం, కొందరికి శాశ్వతంగా చెవుడు. హంటావైరస్‌లలో దాదాపు వేటికీ లేని ఇంకో ప్రమాదం దీనికుంది. రోగి రక్తం, వాంతి తగిలితే మనిషి నుంచి మనిషికి సోకుతుంది. మీ వారు బియ్యం, గారీ (కర్రపెండలం) పిండి గట్టి మూత డబ్బాల్లో పెట్టుకోవాలి, వీధిలో పరిచి ఆరబెట్టింది కొనొద్దు. సెలవుకి వచ్చిన 21 రోజుల్లోపు జ్వరం వస్తే ఆసుపత్రి గేటు దగ్గరే ‘నైజీరియా నుంచి వచ్చాను’ అని చెప్పాలి. నర్సుల రక్షణ కూడా ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: హంటావైరస్ కూడా కరోనాలా పాకుతుందా?
— విద్యార్థి, అనంతపురం

జవాబు: అలా పాకిందనడానికి గట్టి ఆధారాలున్నది ఒక్క ఆండీస్ వైరస్‌కే. అది అర్జెంటీనా, చిలీల్లో పొడుగుతోక అడవి ఎలుక మోసేది. 2018 చివర్లో అర్జెంటీనాలోని ఎపుయెన్ అనే చిన్న ఊళ్ళో ఒక పుట్టినరోజు విందుకు వచ్చినవాళ్ళ నుంచి మొదలై 34 మందికి సోకింది, 11 మంది చనిపోయారు. రోగుల్నీ వాళ్ళని కలిసినవాళ్ళనీ ఇళ్ళలో ఉంచేయడంతో ఆగింది. సిన్ నోంబ్రే, హంటాన్, సోల్ వైరస్‌లు రోగి నుంచి పక్కవాళ్ళకి అలా సోకవు.

ప్రశ్న: పిల్లిని పెంచితే సరిపోతుందా?
— పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: సరిపోదు. పిల్లి కొన్ని ఎలుకల్ని పడుతుంది, పట్టినదాన్ని తెచ్చి మీ పరుపు మీద పెడుతుంది. గోడలోని కన్నం పిల్లి మూయదు కదా.

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నెలన్నర ఇండియాకి వెళ్ళి వచ్చేసరికి కారు ఏసీ వేస్తే కంపు, గడ్డిపరకలు ఎగిరి పడ్డాయి. మెకానిక్ గూడు ఉందన్నాడు. నేనే తీసేయొచ్చా?
— పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: ముందు ఏసీ ఆపేయండి, ఇంకోసారి వేయకండి. ఫ్యాను తిరిగితే గూట్లోని దుమ్ము నేరుగా మీ ముఖం మీదికి వస్తుంది. కారుని గ్యారేజ్ నుంచి బయటికి తోసి, నాలుగు తలుపులూ డిక్కీ తెరిచి 20 నిమిషాలు వదిలేయండి. బానెట్ కింద గూడుంటే బ్యాటరీ తీగ ఊడదీసి, ఇంజన్ పూర్తిగా చల్లారాక పని మొదలుపెట్టండి. వేడి లోహం మీద బ్లీచ్ పడితే ఘాటు ఆవిరి లేస్తుంది. పైగా బ్లీచ్ లోహాన్ని తినేస్తుంది. ఇంజన్ దగ్గర ‘డిసిన్ఫెక్టెంట్’ అని లేబుల్ మీద స్పష్టంగా రాసిన మామూలు స్ప్రే వాడండి. గ్లవుజులు, ఎన్‌95 వేసుకుని, గూడు తడిసి ముద్దయ్యేలా కొట్టి, సీసా మీద రాసినంత సేపు, కనీసం ఐదు నిమిషాలు ఆగి తీయండి.

ఏసీ గాలిని వడగట్టే క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. దాన్ని లాగే ముందు అంచుల మీద తడిపి, వంచకుండా తిన్నగా బయటికి తీసి సంచిలో వేయండి. కడిగి మళ్ళీ వాడదామనుకోవద్దు, 20 డాలర్ల వస్తువు. ఫిల్టర్ దాటి బ్లోయర్ లోపల గడ్డి కనిపిస్తే అక్కడితో ఆపి మెకానిక్‌కి అప్పగించండి, అతనికి ‘ఎలుక గూడు, గాలితో ఊదొద్దు’ అని ముందే చెప్పండి. చాలా షాపుల్లో మొదట చేసేది కంప్రెసర్ గాలితో ఊదడమే. కొత్త ఫిల్టర్ బిగించాక మొదటిసారి ఏసీ వేసినప్పుడు అద్దాలన్నీ దించి, మీరు బయట నిలబడి పది నిమిషాలు తిరగనివ్వండి.